సముద్రం పక్కన సెలవులా? టికెట్ కంటే ముందు క్యాలెండర్ చూడండి

బీచ్ ఉన్న ఊరికి వెళ్దామనగానే అందరం ముందు ఫ్లైట్ రేట్లు చూస్తాం, తర్వాత సముద్రం కనిపించే బాల్కనీ ఉన్న రూమ్ వెతుకుతాం. రేటు మామూలు కంటే బాగా తక్కువగా కనిపిస్తే సంబరపడి బుక్ చేసేస్తాం. ఆ రేటు ఎందుకు తగ్గిందో ఒక్క నిమిషం ఆలోచించాలి. ఉష్ణమండలంలోని బీచ్ నగరాల్లో హోటళ్లు చవగ్గా దొరికే నెలలు చాలాసార్లు వానలు పడే నెలలు, అలలు ఎగిరిపడే నెలలు. ఊరు మాత్రం అప్పుడూ కళకళలాడుతూనే ఉంటుంది. లైట్లు, పాటలు, అర్ధరాత్రి దాకా రోడ్ల మీద జనం. అంత సందడి మధ్య సముద్రం ఎలా ఉందో ఎవరూ పట్టించుకోరు.

బయల్దేరేవాళ్లకు టెన్షనంతా పర్సు పోతుందేమో, ఫోన్ కొట్టేస్తారేమో అని. అదీ చూసుకోవాల్సిందే. అయితే ఇలాంటి ట్రిప్పుల్లో ప్రాణం మీదకి తెచ్చేవి ఎక్కువగా నీళ్లు, అద్దె బండి, ఎండ, దోమ. నేను వాటి గురించే ఎక్కువ చెప్తాను.

ఏ నెలలో, ఏ తీరానికి

అట్లాంటిక్, కరీబియన్ వైపు హరికేన్ సీజన్ జూన్ 1న మొదలై నవంబర్ 30 దాకా ఉంటుంది. సెప్టెంబర్‌లో అది ముదురుతుంది. పశ్చిమ పసిఫిక్‌లో టైఫూన్లు ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు, జూలై నుంచి అక్టోబర్ మధ్య ఎక్కువ. భూమధ్యరేఖకు దక్షిణాన ఇదంతా తిరగబడుతుంది, అక్కడ తుపానుల కాలం నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా.

దేశం పేరు ఒక్కటే చూసి సీజన్ లెక్క వేయకండి. థాయ్‌లాండ్‌నే తీసుకోండి. అండమాన్ సముద్రం వైపున్న ఫుకెట్‌లో మే నుంచి అక్టోబర్ దాకా అలలు పెద్దవి. అవతలి తీరంలో ఉన్న కో సముయ్‌కి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య వస్తాయి. ఒకే దేశం, రెండు తీరాలు, రెండు వేర్వేరు క్యాలెండర్లు. కాబట్టి మీరు దిగబోయే తీరం పేరు, వెళ్లే నెల కలిపి వెతకండి.

సెలవులు ఆ నెలల్లోనే దొరికాయి, వేరే దారి లేదు అంటారా, వెళ్లండి. డబ్బు వెనక్కిచ్చే బుకింగే చేయండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ టికెట్ కొన్న రోజే తీసుకోండి. తుపానుకి పేరు పెట్టేశాక కొన్న పాలసీ సాధారణంగా ఆ తుపాను నష్టాన్ని కవర్ చేయదు, అది ముందే తెలిసిన ప్రమాదం కింద లెక్క.

ఇంకో మాట. దీవులకు వెళ్లే పడవ ప్రయాణం ట్రిప్ చివరి రోజుకి పెట్టుకోకండి. వాతావరణం బాగాలేకపోయినా "ఇంకెప్పుడు వస్తాం, డబ్బులు కట్టేశాం కదా" అని ఎక్కేది ఆ చివరి రోజునే. ముందు రోజుల్లో పెట్టుకుంటే గాలి ఎక్కువగా ఉన్నప్పుడు మర్నాటికి మార్చుకునే వీలుంటుంది. 2018 జూలై 5న ఫుకెట్ దగ్గర పెనుగాలిలో ఒక పర్యాటక పడవ మునిగి 47 మంది చనిపోయారు. పడవ ఎక్కగానే మీ సైజు లైఫ్ జాకెట్ తీసుకుని తొడుక్కోండి. పిల్లల సైజు లేదంటే దిగిపోండి. అడగడానికి మొహమాటపడే విషయం కాదిది. స్కూబా డైవింగ్ కూడా చివర్లో వద్దు. వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల విరామం ఉండాలని డైవింగ్ నిపుణుల సూచన.

నీళ్లలో కాలు పెట్టే ముందు

బీచ్‌కి చేరగానే పరిగెత్తుకెళ్లి దూకకండి. పది నిమిషాలు ఒడ్డున, కాస్త ఎత్తుగా ఉన్నచోట నిలబడి అలల్ని చూడండి. అటూ ఇటూ తెల్లటి నురగతో కెరటాలు విరుగుతుంటాయి. మధ్యలో ఒకచోట మాత్రం అలలు విరగవు, నీళ్లు చదునుగా, కొంచెం ముదురు రంగులో ఉంటాయి. ఇసుక కలిసిన నురగ, నాచు ముక్కలు ఆ దారి పట్టుకుని లోపలికి వెళ్తుంటాయి. కొత్తవాళ్లకి ఆ బీచ్ మొత్తంలో అదే ప్రశాంతమైన చోటులా కనిపిస్తుంది. పిల్లల్ని తీసుకుని సరిగ్గా అక్కడికే వెళ్తారు. అదే రిప్ కరెంట్. ఒడ్డుకి వచ్చిన నీరంతా మళ్లీ సముద్రంలోకి పోవడానికి వెతుక్కున్న సన్నటి దారి. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకి 2 మీటర్లు దాటి లాగుతుంది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చినవాళ్లు కూడా దానికి ఎదురీదలేరు.

మా బావమరిదికి ఈత బాగా వచ్చు. ఒకసారి నడుము లోతులో నిలబడి పిల్లలతో బంతాట ఆడుతున్నాడు. బంతి కొంచెం అవతల పడింది, తేవడానికి వెళ్లాడు. నేను ఒడ్డు నుంచి చూస్తూనే ఉన్నాను. బాగానే ఈదుతున్నాడు, చేతులు గట్టిగానే వేస్తున్నాడు, కానీ మా ఇద్దరి మధ్య దూరం మాత్రం పెరుగుతోంది. లైఫ్‌గార్డ్ విజిల్ వేసి రెండు చేతులతో పక్కకి, పక్కకి అని సైగ చేశాడు. వాడు ఆ సైగ చూసి ఒడ్డు వైపు రావడం మానేసి తీరం వెంట అడ్డంగా ఈదాడు. కాసేపటికి అలలే వాణ్ని ఒడ్డుకి తోశాయి. వచ్చి ఇసుకలో కూలబడ్డాడు, పావుగంట మాట్లాడలేదు. ఆ సాయంత్రమంతా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే. రిప్ కరెంట్ మనిషిని కిందకి లాగదు, లోపలికి లాక్కెళ్తుంది. ముంచేది అలసట, కంగారు. అందులో చిక్కితే వెల్లకిలా తేలండి, ఊపిరి నిలదొక్కుకోండి, చెయ్యి పైకెత్తి ఊపండి. ఓపిక ఉంటే తీరానికి సమాంతరంగా ఈది, అలలు విరుగుతున్న చోటికి చేరాక ఒడ్డుకి తిరగండి. ఎవరో కొట్టుకుపోతుంటే ఆవేశపడి దూకకండి. కాపాడబోయి పోయినవాళ్లు ఎంతోమంది. తేలే వస్తువు ఏదైనా, ఖాళీ వాటర్ క్యాన్ అయినా సరే, విసిరి లైఫ్‌గార్డ్‌ని పిలవండి.

జెండాల సంగతి చాలా చోట్ల దాదాపు ఒకేలా ఉంటుంది. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న రెండు జెండాల మధ్య ఈదొచ్చు, అక్కడ లైఫ్‌గార్డ్ కళ్లు ఉంటాయి. ఎర్ర జెండా అంటే దిగొద్దనే అర్థం చేసుకోండి. రెండు ఎర్ర జెండాలంటే సముద్రం మూసేసినట్టే. ఊదా రంగు జెండా ఉంటే జెల్లీఫిష్ లాంటి కుట్టే సముద్ర జీవులు ఉన్నాయని. నారింజ రంగు గాలి సంచి ఎగురుతుంటే గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తోందని, గాలి నింపిన ట్యూబులు, బెడ్లు నీళ్లలోకి తీసుకెళ్లొద్దని. పిల్లలు కూర్చున్న ట్యూబ్‌ని ఆ గాలి తోసుకుపోతుంటే పెద్దవాళ్లు ఈది అందుకోవడం కష్టం. జెండా అర్థం తెలియకపోతే లైఫ్‌గార్డ్‌నే అడగండి. లైఫ్‌గార్డ్ వెళ్లిపోయాక, చీకటి పడ్డాక, మందు తాగాక నీళ్లలోకి దిగొద్దు. ఈ మూడింటికీ నా దగ్గర మినహాయింపు లేదు.

పిల్లల తల్లిదండ్రులు ఇది బాగా చదవండి. మునిగిపోయేవాళ్లు కేకలు వేస్తారు, చేతులు ఊపుతారు అనుకుంటాం. చాలాసార్లు ఏ చప్పుడూ ఉండదు. తల వెనక్కి వాలి ఉంటుంది, నోరు నీటి మట్టానికి వచ్చి మళ్లీ మునుగుతుంటుంది, మనిషి నిచ్చెన ఎక్కుతున్నట్టు నిలువుగా కదులుతాడు. చూసేవాళ్లకి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. నిమిషం కూడా పట్టదు. అందుకని నలుగురు పెద్దవాళ్లు ఉన్నప్పుడు "అందరం చూస్తున్నాం" అనుకోకండి. ఒక్కొక్కరు ఇరవై నిమిషాలు వంతు వేసుకోండి. వంతు ఉన్నవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు. చిన్నపిల్లలు చెయ్యి చాస్తే అందేంత దగ్గరలోనే ఉండాలి. హోటల్ స్విమ్మింగ్ పూల్‌కీ ఇదే పద్ధతి.

జెల్లీఫిష్ కుడితే ఇసుకతో రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. ప్రాణం తీసేంత విషమున్న బాక్స్ జెల్లీఫిష్ ఉండే ఉత్తర ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల్లో చాలా బీచ్‌ల దగ్గర వెనిగర్ సీసాలు పెట్టి ఉంచుతారు. కనీసం 30 సెకన్లు ధారగా పోసి, ఆ తర్వాతే ఒంటికి అంటుకున్న దాని తీగలు తీయాలి, వెంటనే అంబులెన్స్ పిలవాలి. ఉత్తర ఆస్ట్రేలియాలో వీటి కాలం సుమారు నవంబర్ నుంచి మే దాకా. అప్పుడు అవి కుట్టకుండా ఒంటినిండా కప్పే స్టింగర్ సూట్ వేసుకుని, వల కట్టిన చోటే దిగాలి.

అన్నిటికంటే అరుదైనది సునామీ. ఒడ్డున ఉండగా భూమి గట్టిగా ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి ఎప్పుడూ కనపడని నేల బయటపడినా ఫోన్‌తో ఫొటోలు తీస్తూ నిలబడకండి, ఎత్తైన చోటికి పరుగెత్తండి. 2004 డిసెంబర్ 26న ఫుకెట్‌లోని ఒక బీచ్‌లో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల బ్రిటిష్ అమ్మాయి నీళ్లు విచిత్రంగా నురగలు కట్టడం గమనించి, రెండు వారాల కిందట స్కూల్లో చెప్పిన సునామీ పాఠం గుర్తొచ్చి అమ్మానాన్నల్ని తొందరపెట్టింది. బీచ్ ఖాళీ చేయించారు, దాదాపు వందమంది బతికారు. మీ పిల్లలకి ఈ కథ వెళ్లేముందే చెప్పండి.

అద్దె స్కూటర్

ఈ ఊళ్లలో అడుగడుగునా అద్దె బండి దొరుకుతుంది, లైసెన్స్ చూడకుండానే తాళం ఇచ్చేస్తారు. వాళ్లు అడగలేదు కదా అని మనకి చెల్లినట్టు కాదు. ప్రమాదం జరిగితే అడిగేది ఇన్సూరెన్స్ కంపెనీ. ఆ దేశంలో చెల్లే టూవీలర్ లైసెన్స్ లేకపోయినా, హెల్మెట్ లేకపోయినా, మందు తాగి ఉన్నా క్లెయిమ్ తిరస్కరించే అవకాశం చాలా ఎక్కువ. విదేశంలో ఆపరేషన్, స్ట్రెచర్ మీద విమానంలో వెనక్కి తేవడం అంటే ఒక కుటుంబం పొదుపంతా కరిగిపోతుంది. ఇంట్లో ఏళ్ల తరబడి బండి నడిపినవాళ్లకి కూడా కొన్ని దేశాల్లో రోడ్డుకి కుడివైపున నడిచే ట్రాఫిక్, ఇసుక పరుచుకున్న మలుపులు, తొలి వానకి జారే రోడ్లు కొత్తే. నా సలహా అడిగితే, టాక్సీ డబ్బులు ముందే బడ్జెట్‌లో వేసుకోండి.

తప్పనిసరిగా తీసుకుంటే మాత్రం పాస్‌పోర్ట్ తాకట్టు పెట్టకండి, జిరాక్స్ ఇవ్వండి. బండికైనా, నీళ్ల మీద నడిపే జెట్ స్కీకైనా చుట్టూ తిరిగి ప్రతి గీత కనపడేలా, అద్దెకిచ్చే మనిషి ముందే వీడియో తీయండి. తిరిగిచ్చేటప్పుడు పాత గీతకి కొత్త బిల్లు వేసే మోసం చాలా బీచ్‌లలో నడుస్తోంది.

ఎండ, దోమ, కడుపు

మబ్బు పట్టింది కదా అని సన్‌స్క్రీన్ క్రీమ్ మానకండి. అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా పల్చటి మబ్బుల్ని దాటి వస్తాయి. ఈ ప్రాంతాల్లో ఆ కిరణాల తీవ్రత చెప్పే యూవీ సూచీ 11 దాటడం మామూలే, 11 అంటేనే అత్యంత ప్రమాదకరమైన స్థాయి. ఎండని ఎంత ఆపుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె 30 లేదా అంతకంటే ఎక్కువున్న క్రీమ్ రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చాక మళ్లీ రాయాలి. అన్నిటికంటే మంచిది పొడుగు చేతుల ఈత చొక్కా. మధ్యాహ్నం 11 నుంచి 3 దాకా నీడలో ఉండండి. పగడాలకు హాని చేస్తాయని హవాయిలో 2021 జనవరి 1 నుంచి ఆక్సిబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్లు అమ్మడం నిషేధించారు, కొనేముందు డబ్బా వెనక ఈ పేర్లు చూడండి.

డెంగీ దోమ పగలు కుడుతుంది, తెల్లవారాక, పొద్దుగూకే ముందు మరీ ఎక్కువ. సన్‌స్క్రీన్ ముందు రాసి, అది ఆరాక దోమల మందు రాయండి. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, అవి రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి. జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకోకండి. తగ్గాక కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు బ్యాగులో వేసుకోండి. అవి లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలిపి తాగించొచ్చు. కొలత తప్పకూడదు, ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం. కుక్క గానీ కోతి గానీ కరిచినా గీరినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకా మొదలుపెట్టండి, ఇంటికెళ్లాక చూద్దామనుకోవద్దు.

రాత్రి బయటికి వెళ్తే సీల్ తీయడం మీరు చూసిన సీసాలోంచే తాగండి. కల్తీ మందులో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఉంటే గంటల తర్వాత చూపు మసకబారుతుంది, దాన్ని హ్యాంగోవర్ అనుకుని పడుకుంటే ప్రాణాలే పోవచ్చు. తాగి బాల్కనీ పిట్టగోడ మీద కూర్చోవద్దు. ఈ-సిగరెట్ బ్యాగులో ఉంటే తీసేయండి, థాయ్‌లాండ్, సింగపూర్ లాంటి చోట్ల అది నేరం. మీరు రోజూ వాడే మందులకి డాక్టర్ చీటీ వెంట ఉండాలి.

వెళ్లే ముందు రోజు రాత్రి ఒక కాగితం మీద అక్కడి అత్యవసర నంబర్లు, ఇన్సూరెన్స్ పాలసీ నంబర్, హోటల్ చిరునామా అక్కడి భాషలో, మీ బ్లడ్ గ్రూపు రాసి ఒక్కొక్కరి జేబులో ఒకటి పెట్టండి. ఫోన్ నీళ్లలో పడితే ఆ కాగితమే దిక్కు.

తిరిగొచ్చాక రెండు వారాల లోపు ఎవరికైనా జ్వరం వస్తే, డాక్టర్‌కి జ్వరం గురించి చెప్పే మొదటి మాటతో పాటే ఏ దేశానికి వెళ్లొచ్చారో, ఏ తేదీన దిగారో కూడా చెప్పండి. డెంగీ దోమ కుట్టిన నాలుగు నుంచి పది రోజులకి గానీ జ్వరం మొదలవదు.