ఫోన్ మోగని వెబ్‌సైట్: కార్ డీటెయిలింగ్ షాపుల కోసం సమస్య - పరిష్కారం

విజయనగరంలో కార్ డీటెయిలింగ్ (లోపలా బయటా కారును శుభ్రం చేసి మెరిపించే) షాపుకి వెబ్‌సైట్ ఎందుకంటే ఫోన్లు రావడానికే. రాకపోతే చాలామంది ముందు డిజైన్ మార్పిస్తారు. అది ఆఖరి పని. ఎక్కడ ఆగిపోతోందో ముందు చూడండి.

సమస్య: గూగుల్‌లో షాపు కనబడట్లేదు

షాపులో కూర్చుని వెతికితే మనదే పైన వస్తుంది, పక్కనే ఉన్నాం కదా! నెల్లిమర్లలోనో గజపతినగరంలోనో తెలిసినవాళ్లను వెతికి చూడమనండి. వాళ్లకు విశాఖ షాపులే కనబడుతుంటే, ఎక్కువగా కారణం సైటు కాదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో, మ్యాప్స్‌లో షాపు వివరాలు చూపించే ఉచిత పేజీ) లేకపోవడమో, ఉన్నా షాపు మీదేనని గూగుల్‌కి చూపించి వెరిఫై చేయకపోవడమో. వెరిఫికేషన్‌కి షాపు బోర్డు, లోపలి సామాన్లు కనిపించేలా వీడియో అడగొచ్చు, తీసి పంపండి. సైటులో, ప్రొఫైల్‌లో పేరు, అడ్రస్, నంబరు ఒకేలా ఉండాలి.

ప్రొఫైల్ సరిగ్గానే ఉండి సైటు మాత్రం రాకపోతే, అది వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్)తో కట్టిందైతే, అందులో సెట్టింగ్స్, రీడింగ్ తెరవండి. సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే టిక్కు అక్కడుంటుంది. కట్టేటప్పుడు పెట్టి, తీయడం మర్చిపోతుంటారు. తీసేసి, సెర్చ్ కన్సోల్ (సైటు ఓనర్ల కోసం గూగుల్ ఇచ్చే ఉచిత టూల్)లో ఇండెక్సింగ్, అంటే పేజీని గూగుల్ జాబితాలో చేర్చమని అడగండి.

విశాఖలో ఉన్నవాళ్లకు కూడా మనమే పైన రావాలని మాత్రం ఎవరికీ డబ్బులు పోయకండి. దూరాన్ని గూగుల్ లెక్కలోకి తీసుకుంటుంది.

సమస్య: తెలుగు అంతా పిచ్చి గీతల్లా కనబడుతోంది

ఫ్లెక్సీ కొట్టిన డీటీపీ షాపు నుంచి మేటర్ తెచ్చి అతికించి ఉంటారు. డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లలో టైప్ చేసింది యూనికోడ్ (అన్ని ఫోన్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు, ఆ ఫాంటు లేని ఫోన్లో తెలుగులా కనబడదు. కన్వర్టర్‌తో మార్చవచ్చు గానీ ఒత్తులు అక్కడక్కడా చెడతాయి. నాలుగు పేరాలే కదా, ఫోన్ కీబోర్డులో మళ్లీ కొట్టడమే తేలిక. ఫ్లెక్సీ బొమ్మనే పేజీగా పెట్టేయడం ఇంకా నష్టం: నంబరు నొక్కితే కాల్ వెళ్లదు.

సమస్య: చూస్తున్నారు, ఫోన్ మాత్రం చేయట్లేదు

ఇక్కడే అసలు బేరం పోతుంది. కస్టమర్ మొదట అడిగేది "ఎంతవుతుందండీ?" అనే. సైటులో రేటు లేకపోతే ఇంకో షాపు చూసుకుంటాడు. పోటీవాళ్లకు తెలిసిపోతుందని దాచేవాళ్లున్నారు. ఆ పోటీవాళ్లు కస్టమర్‌లా ఫోన్ చేసి ఎప్పుడో కనుక్కుని ఉంటారు! హ్యాచ్‌బ్యాక్, సెడాన్, ఎస్‌యూవీలకు విడివిడిగా ఫోమ్ వాష్, ఇంటీరియర్ క్లీనింగ్ రేట్లు రాయండి. సెరామిక్ కోటింగ్‌కి "ఇంత నుంచి మొదలు, పెయింట్ చూశాక ఖాయం" అని పెడితే చాలు. బండి ఎన్ని గంటలు, ఎన్ని రోజులు వదలాలో కూడా చెప్పండి. దసరా ముందు అందరూ అడిగేది అదే.

ఫొటోలు మీ షాపువే కావాలి. స్టీరింగ్ ఎడమవైపున్న కారు పెడితే ఎవరు నమ్ముతారు? నంబరు ప్లేట్లు మాత్రం చెరిపేయండి.

తర్వాత బటన్లు. వాట్సాప్ లింకులో నంబరు ముందు 91 ఉండాలి. ప్లస్ గుర్తు గానీ, మొదట్లో సున్నా గానీ ఉండకూడదు. సేవ్ చేసుకోని ఫోన్ నుంచి నొక్కి చూడండి. బుకింగ్ ఫారం మెయిల్స్ స్పామ్‌లో పడుతున్నాయేమో కూడా వెతకండి. ఇంత చిన్న షాపుకి ఫారం తీసేసి వాట్సాప్ ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

సమస్య: పేజీ తెరుచుకోవడానికి యుగం పడుతోంది

ఫోన్‌తో తీసిన బిఫోర్-ఆఫ్టర్ ఫొటోలు ఒక్కోటి 4, 5 ఎంబీ ఉంటాయి. వెడల్పు 1200 పిక్సెల్స్‌కి తగ్గించి వెబ్‌పీ (తక్కువ సైజులో ఉండే ఫొటో ఫార్మాట్)గా మార్చండి. దానంతటదే ఆడే వీడియో తీసేయండి.

సమస్య: "నాట్ సెక్యూర్" అంటోంది

ఎస్ఎస్ఎల్ (సైటుకీ ఫోన్‌కీ మధ్య సమాచారాన్ని భద్రంగా ఉంచే సర్టిఫికెట్) లేదు, లేదా గడువు అయిపోయింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చేది ఉచితం. హోస్టింగ్ (సైటు ఉంచిన కంపెనీ) ప్యానెల్లో ఆటో రెన్యూవల్ ఆన్ చేయండి.

సమస్య: సైటే మాయమైంది

డొమైన్ (సైటు పేరు) రెన్యూ కాలేదేమో చూడండి. సైటు కట్టిన కుర్రాడి మెయిల్ మీద డొమైన్ ఉంటే, గుర్తుచేసే మెయిల్స్ అతనికే వెళ్తాయి. అతను హైదరాబాద్ ఉద్యోగానికి వెళ్లిపోయాడంటే టెన్షన్ మీదే. సైటు బాగున్న ఈ రోజుల్లోనే డొమైన్‌ని మీ పేరు, మీ మెయిల్, మీ నంబరు మీదికి మార్పించుకోండి.