ఆదివారం సరే, సోమవారం సంగతి? ఏ రోజుకారోజు ఆత్మీయ ఆహారం తీసుకోవడం ఎలా

కడపలో ఆరాధనకు కొదవలేదు. లండన్ మిషన్ వాళ్ళు 1822లోనే ఇక్కడ పని మొదలుపెట్టారు. 1947లో ఏర్పడిన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)కి రాయలసీమ డయాసిస్ కేంద్రం, అంటే బిషప్ ఉండే చోటు, ఈ ఊరే. మరియాపురంలో కతోలికుల కతీడ్రల్ ఉంది. ఇవి కాక సందుకో ప్రార్థనా మందిరం. ఆదివారం పొద్దున ఏ వీధిలో నిలబడినా పాట వినబడుతుంది. కొదవంతా సోమవారం నుంచి శనివారం దాకానే. ఆదివారం విన్న ప్రసంగం మంగళవారానికే మాసిపోయి, మళ్ళీ ఆదివారం కోసం ఎదురుచూసే విశ్వాసులు చాలామంది.

బైబిల్లో నిర్గమకాండం 16వ అధ్యాయంలో మన్నా లెక్క ఒకటుంది. మన్నా అంటే అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం. మనిషికి ఒక ఓమెరు (అప్పటి కొలత), ఏ రోజుది ఆ రోజే కూర్చుకోవాలి. రేపటికని దాచుకుంటే పురుగు పట్టింది. విశ్రాంతి దినానికి ముందురోజు మాత్రం రెండింతలు. రోజువారీ భక్తికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు: కొంచెం, తాజాగా, రోజూ.

ముందు చోటు చూసుకోండి

టైము కంటే చోటు ముఖ్యం. ఒక చాప, ఒక బైబిలు, గోడకు ఆనుకునే వీలు చాలు. ఎండాకాలంలో మిద్దె మీద పడుకునేవాళ్ళు కిందికి దిగకముందే పది నిమిషాలు కూర్చోవచ్చు. ఏడు దాటితే ఆ మిద్దె మీద కాలు పెట్టలేం. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్ళి ప్రార్థించాడని మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఉంది. అలాగని నైట్ డ్యూటీ దిగి వచ్చే నర్సు, తెల్లవారుజామునే పాలు పోసే మనిషి ఐదింటికి లేవలేదని బాధపడనక్కర్లేదు. మీకు ఇల్లు సద్దుమణిగే వేళే మీ వేళ. ఫోన్ మాత్రం పక్క గదిలో ఉండాలి. పొద్దున్నే పదిమందికి వాక్యం ఫార్వర్డ్ చేయడం వాక్యం చదవడం కిందికి రాదు.

కొంచెం చదవండి, పైకి చదవండి

జనవరి ఒకటిన ఆదికాండంతో ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది లేవీయకాండం దగ్గర ఆగిపోతారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మార్కుతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలు, రోజుకు సగం అధ్యాయం చదివినా సుమారు నెలలో అయిపోతుంది. సామెతలకు 31 అధ్యాయాలు కాబట్టి తేదీని బట్టి చదువుకోవచ్చు. కళ్ళు మూసుకుని ఎక్కడో ఒకచోట తెరిచి వేలు పెట్టే అలవాటు మాత్రం వద్దు. అది చదవడం కాదు, చీటీ తీయడం.

మన పాత అనువాదం గ్రాంథికం. కంటితో చదివితే జారిపోయేది పెదవులతో చదివితే పట్టుబడుతుంది. 23వ కీర్తన తీసుకోండి. అందరికీ నోటికి వచ్చిందే, అందుకే ఎవరూ ఆగి చదవరు. మొదటి మూడు వచనాల్లో దావీదు దేవుని గురించి చెబుతున్నాడు: ఆయన పరుండజేస్తాడు, ఆయన నడిపిస్తాడు, ఆయన సేదదీరుస్తాడు. నాలుగో వచనంలో గాఢాంధకారపు లోయ వచ్చింది. అక్కడ 'ఆయన' పోయి 'నీవు నాకు తోడైయుందువు' అంటాడు. పచ్చికలో ఉన్నంతసేపూ దేవుని గురించి మాట్లాడిన మనిషి, లోయలోకి దిగేసరికి దేవునితోనే మాట్లాడుతున్నాడు. ఆ ఒక్క మలుపు దగ్గర ఐదు నిమిషాలు కూర్చుంటే ఆ పూటకు చాలు. అధ్యాయం పూర్తి చేయాలనే తొందరే మనకు శత్రువు.

చదువు రాని అవ్వలు, తాతలు ఉంటే తెలుగు ఆడియో బైబిల్ ఫోన్‌లో దొరుకుతుంది. ఒకసారి పెట్టడం నేర్పించి వదిలేయండి.

మూడు రోజులు తప్పిందా? ఆ మూడు రోజులవీ కలిపి చదవొద్దు. ఆ పొద్దుది ఆ పొద్దే చదవండి.

మీ మాటల్లోనే అడగండి

ప్రార్థనకు నిలబడగానే పాస్టరు గారి గొంతు తెచ్చుకోనక్కర్లేదు. "దేవా, ఈ పొద్దు నాకు ఓపిక లేదు" అన్నా ప్రార్థనే. అనంతపురం వైపు శెనక్కాయ వేసి వాన కోసం చూసే రైతు, బ్యాంకు అప్పు పేరు పెట్టి చెప్పుకోవచ్చు. కీర్తనల్లో ఫిర్యాదులకు లోటులేదు. 13వ కీర్తన 'ఎన్నాళ్లవరకు' అనే మొదలవుతుంది. 88వది చీకటితోనే ముగుస్తుంది, చివరలో ఓదార్పు కూడా లేదు. అలాంటి కీర్తన బైబిల్లో ఉందంటే, అలా ప్రార్థించడానికీ మనకు చోటున్నట్టే.

రాత్రి కుటుంబ ప్రార్థన పది నిమిషాలు దాటనివ్వకండి. ఒక కీర్తన పాడి, పిల్లల చేత నాలుగు వచనాలు చదివించండి. పిల్లోడి మార్కుల సంగతి దేవునికి విన్నవించే నెపంతో పిల్లోడిని తిట్టే తండ్రులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ఆ పని ప్రార్థన అయ్యాక చూసుకోవచ్చు. మొగుడూపెళ్ళాలు మాట్లాడుకోకుండా ఉంటే మాత్రం ముందు ఆ సంగతి తేల్చుకోండి. సూర్యుడస్తమించే వరకు కోపం నిలిచి ఉండకూడదని ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఉంది.

నిద్రపోండి

ఇది భక్తి వ్యాసాల్లో ఎవరూ రాయరు. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చావు కోరుకుంటూ బదరీవృక్షం కింద పడుకున్నాడు. దేవదూత ప్రసంగం చేయలేదు. లేచి భోజనం చేయమన్నాడు. రొట్టె, నీళ్ళు అక్కడే ఉన్నాయి. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి తినమన్నాడు. హోరేబు కొండకు వెళ్ళడం, అక్కడ దేవుని మెల్లని స్వరం వినడం ఆ తర్వాతే. వారం వారం రాత్రంతా ప్రార్థన, తెల్లారితే డ్యూటీ అనుకునేవాళ్ళు ఈ అధ్యాయం ఒకసారి చూడాలి. షుగర్ ఉన్నవాళ్ళు, గర్భిణీలు ఉపవాసానికి ముందు డాక్టర్‌ను అడగాలి. దిగులు వారాల తరబడి వదలకపోతే దాన్ని విశ్వాసం తక్కువ అనుకోవద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.

వారానికి ఒక ఇల్లు

ఒంటరిగా చదువుకునే భక్తి కొన్నాళ్ళకు ఎండిపోతుంది. సంఘంలో మంచం పట్టినవాళ్ళు, కొత్తగా ఊరికి వచ్చినవాళ్ళు, డయాలసిస్‌కు తిరిగేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. వారానికి ఒక ఇల్లు చాలు. ముందు ఫోన్ చేసి వెళ్ళండి. బైబిలు చేత పట్టుకుని గుమ్మంలోనే ప్రార్థన మొదలుపెట్టకండి. కూర్చుని వాళ్ళు చెప్పేది వినండి. అడిగితే ప్రార్థించండి, అదీ చిన్నగా. వచ్చేటప్పుడు మందుల షాపు నుంచి ఏమైనా తెచ్చిపెట్టాలా అని అడగడం మర్చిపోకండి.