పక్షవాతం: గడ్డా, రక్తస్రావమా?

మూతి వంకరపోయిందా? రెండు చేతులూ ముందుకు చాచి పది సెకన్లు ఉంచమనండి, ఒకటి జారిపోతోందా? మాట ముద్దగా వస్తోందా? ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి. చివరిసారి మనిషి మామూలుగా ఉన్న టైము రాసిపెట్టండి. నిద్ర లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, లెక్క పడుకున్న టైము నుంచే.

నూటికి 85 దాకా రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చేవే; మిగతావి నాళం చిట్లి వస్తాయి. భరించలేని తలనొప్పి, వాంతులు, మగత ఉంటే రక్తస్రావాన్ని అనుమానించాలి. కానీ పైకి చూసి ఎవరూ తేల్చలేరు. అందుకే స్కాన్‌కు ముందు ఆస్పిరిన్ వేయొద్దు, అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. నీళ్లూ తాగించొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఆసుపత్రిలో ముందు షుగర్ చూస్తారు. అది బాగా పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. తర్వాత తలకు సీటీ స్కాన్: కారిన రక్తం తెల్లగా వెంటనే కనిపిస్తుంది. గడ్డ రకంలో మొదటి గంటల్లో సీటీ మామూలుగానే ఉండొచ్చు, దాన్ని చూసి ఇంటికి తీసుకుపోకండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మీరు రాసిపెట్టిన ఆ టైము నుంచి 4.5 గంటల్లోపే పడాలి. పసరు మందు కోసం ఊళ్లు తిప్పితే పోయేవి ఆ గంటలే.

పెద్ద నాళం మూసుకుపోతే, తగిన రోగులకు 24 గంటల వరకు సన్నని గొట్టంతో గడ్డను లాగేయొచ్చు.

లక్షణాలు పది నిమిషాల్లో తగ్గిపోయినా అదే రోజు వెళ్లండి. తర్వాతి రెండు రోజుల్లోనే అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ.