లెగో సమురాయ్ దృశ్యం: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

లెగో ముక్కల మీద ఉండే గుండ్రటి బొడిపెలు ఒక్కో వైపు 16 ఉన్న అడుగు పలక, అంటే ఒక్కో వైపు 12.8 సెంటీమీటర్లు. దాని మీద ఒక తోరీ (జపాన్ మందిరాల ముందుండే ద్వారం), ఒక చెర్రీ చెట్టు, ఇద్దరు సమురాయ్‌లు. చూస్తే చిన్న పనే. కట్టాక మాత్రం ఎక్కడో ఏదో కుదరలేదనిపిస్తుంది. ముక్కలు చాలకే ఇలా అయిందని చాలామంది ఇంకో బాక్స్ కొంటారు. నేనైతే ముందు కొలతలు సరిచూడమంటాను, ఆ తర్వాత అసలు వస్తువు జపాన్‌లో ఎలా ఉంటుందో ఫొటో చూడమంటాను.

కొలతలు మూడే: బొడిపెకీ బొడిపెకీ మధ్య 8 మిల్లీమీటర్లు, బ్రిక్ (మామూలు ఇటుక ముక్క) ఎత్తు 9.6, ప్లేట్ (దానిలో మూడో వంతు మందం ఉన్న పల్చటి ముక్క) ఎత్తు 3.2 మిల్లీమీటర్లు.

చేత్తో ఎత్తగానే అడుగు వంగి, పైన కట్టినవి ఊడిపోతున్నాయి

పల్చటి బేస్‌ప్లేట్ మీదే కట్టారన్నమాట, లేదా ప్లేట్లు ఒకే వరస వేశారు. రెండు వరసలు వేయండి. కింది వరస అతుకుల మీద పై వరస అతుకులు పడకూడదు. కింద నిలువుగా పరిస్తే పైన అడ్డంగా పరవండి. ఈ ఒక్క పనితో అడుగు గట్టిపడుతుంది.

తోరీ ద్వారం గోల్‌పోస్ట్‌లా కనిపిస్తోంది

రెండు స్తంభాలు, పైన ఒకే దూలం పెట్టి వదిలేస్తే గోల్‌పోస్టే అవుతుంది. జపాన్‌లో మియాజిమా దీవి దగ్గర సముద్రంలో నిలబడ్డ ఇత్సుకుషిమా ద్వారం ఫొటో వెతికి చూడండి. పై దూలం చివర్లు పైకి లేచి ఉంటాయి. దాని కింద కొంచెం ఎడంగా ఇంకో అడ్డదూలం ఉంటుంది, అది స్తంభాలను దాటి రెండు పక్కలా బయటికి వస్తుంది.

కింది దూలాన్ని స్తంభాల కన్నా ఒక్కో బొడిపె, పై దూలాన్ని రెండేసి బొడిపెలు బయటికి జరపండి. పై దూలం కొసల్లో వంపు స్లోప్‌లను (ఏటవాలు ముక్కలను) ఎత్తు భాగం బయటివైపు ఉండేలా పెట్టండి. అన్నిటికన్నా పైన నల్ల ప్లేట్ వరస ఒకటి వేస్తే రూపం ఒక్కసారిగా మారిపోతుంది. బొమ్మ ఎత్తు దాదాపు 4 సెంటీమీటర్లు కాబట్టి స్తంభాలు కనీసం 8 బ్రిక్‌ల ఎత్తు ఉండాలి. అంతకన్నా తగ్గితే సమురాయ్ తలుపు గుమ్మంలో నిలబడ్డట్టు ఉంటుంది.

వంపు ముక్కలు లేవా? జపాన్‌లోని ఇసే మందిరంలోలాగా తిన్నటి దూలాలతో, రంగు వేయని చెక్కలా గోధుమ రంగులో కట్టేయండి. ఆ రకంలో కింది దూలం స్తంభాలను దాటదు. అదీ అసలైన తోరీయే, పైగా నాకు అదే ఎక్కువ నచ్చుతుంది.

పక్కకు తిప్పి పెట్టిన గోడ దగ్గర సన్నటి సందు

దృశ్యంలో టీ హౌస్ కూడా కట్టి, దాని గోడకు టైల్స్‌ను (పైన బొడిపెలు లేని నున్నటి ముక్కలను) పక్కవాటుగా బిగించినప్పుడు ఇది వస్తుంది. బ్రిక్ ఎత్తు, బొడిపె వెడల్పు ఒకటి కావు. అందుకే ఎంత నొక్కినా సందు పోదు. గట్టిగా నొక్కితే పక్క ముక్క ఊడుతుంది తప్ప ప్రయోజనం లేదు. లెక్క ఇదీ: 5 ప్లేట్ల ఎత్తు = 2 బొడిపెల వెడల్పు, రెండూ 16 మిల్లీమీటర్లే. కాబట్టి 2 బొడిపెల టైల్ పక్కకు తిప్పితే దాని పక్కన ఒక బ్రిక్, రెండు ప్లేట్లు రావాలి. 4 బొడిపెలదైతే మూడు బ్రిక్‌లు, ఒక ప్లేట్. ముందే ఇలా లెక్కేసి కడితే తర్వాత సందులు పూడ్చే పని ఉండదు.

టీ హౌస్ గది నేల టాటామీలా (జపాన్ ఇళ్లలో నేల మీద పరిచే చాపల్లా) లేదు

నాలుగు చాపల మూలలు ఒకే చోట కలుస్తున్నాయేమో చూడండి. మామూలు ఇళ్లలో అలా పరవడం అశుభం అంటారు. టాటామీ పొడవు వెడల్పుకు రెట్టింపు కాబట్టి 2×4 టైల్ సరిగ్గా సరిపోతుంది. మూలలు కలవకుండా మార్చి పరవండి.

సమురాయ్ అని పేరే గానీ నింజాలా ఉన్నాడు

కత్తి వీపున ఉండటమే కారణం. చాలా బొమ్మ సెట్లలో కత్తులు మెడ దగ్గరి క్లిప్‌కే తగులుతాయి. జపాన్ చరిత్రలో ‘ఎదో’ అనే కాలంలో (1603-1868) సమురాయ్ పొడవాటి కత్తి కటానాను, చిన్న కత్తి వాకిజాషీని ఎడమ నడుము దగ్గర దట్టీలో దోపుకునేవాడు. కటానా పదును పైకి ఉండేది. చాలా బొమ్మలకు నడుము దగ్గర కత్తి పెట్టే చోటు ఉండదు. అందుకని ఎడమ చేతికే ఇచ్చేయండి. దూసిన కత్తి అయితే, వంపు బయటివైపే పదును ఉంటుంది, ఆ వైపు శత్రువు మీదికి తిప్పండి.

చేతిలో తుపాకీ పెడితే తప్పేమో అని కొందరికి టెన్షన్. తప్పు కాదు. 1543లోనే పోర్చుగీసువాళ్ల ద్వారా తుపాకులు తనెగషిమా దీవికి చేరాయి. కవచాలు వేసుకున్న యుద్ధ దృశ్యంలో బాగానే నప్పుతాయి.

పోరాడే భంగిమలో పెడితే పడిపోతున్నాడు

ముందుకు చాచిన కాలు బొడిపెకు అందదు. వెనక కాలు మాత్రమే బిగించండి, ముందు కాలి కింద నున్నటి టైల్ ఉంచండి. రెండు కాళ్ల మధ్య దూరం కుదరకపోతే సగం బొడిపె జరిపే జంపర్ ప్లేట్ వాడండి.

చెర్రీ చెట్టు గులాబీ రంగు ముద్దలా ఉంది

ఒకే రంగు, కనిపించని కొమ్మలు. ఎక్కువగా నాటే సోమెయ్ యోషినో రకంలో ఆకుల కన్నా ముందు పూలొస్తాయి, అవి దాదాపు తెల్లగానే ఉంటాయి. తెల్ల ముక్కలు, లేత గులాబీవి కలపండి, ఆకుపచ్చ తీసేయండి, కొమ్మలు అక్కడక్కడా బయటికి కనిపించనివ్వండి. పూల కోసం ప్రత్యేక ముక్కలే కావాలనేం లేదు. 2021 నాటి లెగో బోన్సాయ్ సెట్‌లో పూలుగా పెట్టింది గులాబీ రంగు కప్పలను! పక్కనే ఎర్ర మేపుల్ మాత్రం వద్దు, అది శరదృతువులో ఎర్రబడుతుంది, చెర్రీ పూసేది వసంతంలో.

పాత ఎరుపు-గోధుమ ముక్కలు కొన్ని పెళుసుగా ఉంటాయి, క్లిప్‌లో బిగిస్తే పుటుక్కుమంటాయి. వాటిని కదపని చోట, మాను అడుగున వాడుకోండి.

తెల్ల ముక్కలు పసుపు పచ్చబడ్డాయి

ఎండే కారణం. కిటికీ పక్క నుంచి తీసేయండి. దుమ్ము అయితే 40 డిగ్రీలు మించని గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు చాలు. హెయిర్ డ్రయ్యర్ వద్దు, బట్ట మీద పరిచి నీడలో ఆరనివ్వండి. స్టిక్కర్లున్న ముక్కల్ని నీళ్లలో వేయకుండా తడిగుడ్డతో తుడవండి.