మాత్ర మింగితే సరిపోదు, రోజు గడవాలి కదా

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు, కావలిలో మాతోనే ఉంటాడు. మొదటి రెండేళ్లు మాత్ర మింగాడా లేదా అని తప్ప మేం ఇంకేమీ అడగలేదు, అదే తప్పు. ఇప్పుడు పొద్దున్నే పాల ప్యాకెట్ తెచ్చే పని వాడిదే. ఒకరోజు చిల్లర రెండు రూపాయలు తక్కువొచ్చిందని మళ్లీ కొట్టుకెళ్లి అడిగి తెచ్చుకున్నాడు, మా అమ్మ మొహం చూడాలి ఆ రోజు! మీ ఇంట్లో ఇలాంటి జబ్బున్నవాళ్లుంటే వాళ్లకీ అలా చిన్న పని ఒకటి అప్పగించండి, ఆలస్యమైనా మీరు లాక్కోకండి.

ఈ మందుల్లో కొన్నింటితో బరువు, షుగర్ పెరుగుతాయి, పరీక్షలు చేయిస్తుండండి. మూడ్ అదుపులో ఉంచడానికి ఇచ్చే లిథియం మందు వాడేవాళ్లకైతే రోహిణి కార్తె ఎండల్లో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో మందు ఎక్కువైపోతుంది. చేతులు బాగా వణికినా, వాంతులైనా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. బాగున్నాడు కదా అని మీరే మందు ఆపేయకండి.

వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్‌కి మానసిక జబ్బు కూడా లెక్కలోకి వస్తుంది, సచివాలయంలో స్లాట్ అడగండి. అర్ధరాత్రి ఏం తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

పెళ్లిళ్లప్పుడు మాత్రం జబ్బున్న మనిషిని ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్లకండి. వస్తావా అని అడగండి, వస్తానంటే తీసుకెళ్లండి, గోల ఎక్కువైతే తొందరగా వచ్చేయండి.