విషీలో చివరి వారం: ఫ్రెంచ్ టీచర్లు ఏం పోగుచేసుకోవాలి

ఫ్రాన్స్‌లోని విషీ ఊరికి కోర్సు కోసం వచ్చిన మన ఫ్రెంచ్ టీచర్లందరికీ, కోర్సు చివరికొచ్చేసరికి షాపింగ్ మీదే ధ్యాస. విషీ పాస్తిల్ అనే బిళ్లల డబ్బాలు, చాక్లెట్లు కొనడం ఒక సాయంత్రం పని. ఈ వారం నిజంగా పోగుచేసుకోవాల్సింది మనుషుల గొంతులు. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్న మా పిల్లలకు ఏడాది పొడవునా వినిపించేది నా గొంతు ఒక్కటే. వాళ్లకు ఇక్కడి గొంతులు వినిపించాలని నాకెంతో ఆశ.

ఊళ్లోని పెద్ద మార్కెట్ గ్రాండ్ మార్షేకి పొద్దున్నే, రద్దీ పెరగకముందే వెళ్లండి. ముందు బోఁజూర్ అని పలకరించండి, ఏదైనా కొనండి. ఇండియాలో ఫ్రెంచ్ టీచర్నని, పిల్లల కోసం రికార్డ్ చేసుకుంటానని ఆ తర్వాత అడగండి. సరే అంటేనే ఫోన్ తీయండి. చీజ్ అమ్మే ఒకావిడ నా మాట విని చేతులు తుడుచుకుని మరీ నిలబడింది. సాఁ నెక్తేర్ అనే చీజ్ ముక్క తూచి, 4.90 యూరోలను "కాత్ర్ యూరో కాత్ర్ వాఁ దీస్" అని ఒక్క గుక్కలో చెప్పేసింది. ఫ్రెంచ్‌లో తొంభై అంటే నాలుగు ఇరవైలు, పది. మన పిల్లలైతే నాలుగు, నాలుగు, ఇరవై, పది అని విడివిడిగా రాసుకుని కూర్చుంటారు. డెల్ఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష లిజనింగ్‌లో వాళ్లు తడబడేది అంకెల దగ్గరే. అందుకే ధరలు ఎక్కువగా రికార్డ్ చేయండి. ఒక్కొక్కటి అర నిమిషం చాలు. ఆ రాత్రే ఎవరు, ఎక్కడ, ఏ లెవెల్‌కి పనికొస్తుందో ఫైల్ పేరులోనే రాసేయండి.

బేకరీలో బాగెట్ అడగగానే "ఎ అవెక్ సెసీ?" అంటారు, ఇంకేం కావాలి అని. ఆ నాలుగు ముక్కల సంభాషణ మొత్తం దొరికితే ఒక క్లాసుకు సరిపోతుంది.

ఫొటోలకు ధరల పలకలు మంచివి. ఇక్కడ చేత్తో రాసే 1కి ముందు పొడుగు గీత ఉంటుంది, మన కంటికి 7లా కనిపిస్తుంది. వీళ్ల 7కి నడుమ అడ్డగీత ఉంటుంది. పైసల ముందు చుక్క కాదు, కామా. తలుపుల మీద "పూసే" (తోయండి), "తిరే" (లాగండి) బోర్డులూ తీసుకోండి. ఆజ్ఞలకు ఇంపరేటివ్ (ఆజ్ఞారూపం) ఒక్కటే నేర్పుతాం కదా, బోర్డుల మీద ఇన్ఫినిటివ్ (క్రియ మూలరూపం) కూడా కనిపిస్తుంది.

సర్టిఫికెట్ పని ఆఖరి రోజుకు ఉంచొద్దు. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు ఉందా, క్లాసు గంటలు వేశారా, స్టాంపు పడిందా చూసుకోండి. కాలేజీలో సెలవు లెక్కకు అది కావాలి. విషీకి టీజీవీ, అంటే హైస్పీడ్ రైలు, రాదు. నేరుగా వెళ్లే రైలు పారిస్ బెర్సీ స్టేషన్‌లో దింపుతుంది. మూడు గంటల ప్రయాణం, ఆపైన ఎయిర్‌పోర్టుకు మళ్లీ రైళ్లు మారాలి కాబట్టి ఫ్లైట్‌కి టైమ్ బాగా ఉంచుకోండి.

మీరున్న ఇంటివాళ్లతో నెలకో ఆదివారం వీడియో కాల్ ఇప్పుడే ఖాయం చేసుకోండి. తర్వాత మెసేజ్ పెడదాం అనుకుంటే జరగదు. ఎండాకాలంలో వాళ్లకన్నా మనం మూడున్నర గంటలు ముందుంటాం, చలికాలంలో నాలుగున్నర. వాళ్లు మధ్యాహ్నం భోజనానికి కూర్చునే వేళకు మనకు సాయంత్రం. పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ముందే రాసుకున్న ప్రశ్నలు వాళ్ల చేతే అడిగించండి.