విగ్గుకి ఇంట్లో రంగు వేసే ముందు

సంక్రాంతి దగ్గరపడిందంటే మన కోనసీమ ఊళ్ళల్లో నాటకాల రిహార్సల్స్, బడి పిల్లల డాన్సులు మొదలవుతాయి, వాటితోపాటే పాత విగ్గులూ సవరాలూ పెట్టెల్లోంచి బయటికొస్తాయి. కృష్ణుడి విగ్గు వెలిసిపోయింది, కొత్తది ఖరీదు, ఇంట్లోనే బట్టల రంగుతో నల్లగా చేసేద్దాం అనుకుంటున్నారా? ముందు ఇది చదవండి.

తలకి వేసుకునే హెయిర్ డై సింథటిక్ జుట్టుకి పట్టదు. నూలు, పట్టు చీరలకు వేసే పొడి రంగు కూడా పాలియెస్టర్ లాంటి సింథటిక్ జుట్టుకి పట్టదు, పైపైన అంటుకుని కడగగానే పోతుంది. సింథటిక్ బట్టల కోసం అని ప్యాకెట్ మీద రాసి ఉన్న డిస్పర్స్ రంగు కావాలి. అదీ ముదురు రంగుకి మాత్రమే, నల్ల విగ్గుని బంగారు రంగులోకి మార్చడం దీనితో కాదు.

అసలు ప్రమాదమంతా వేడిలోనే ఉంది. ఈ రంగు బాగా పట్టాలంటే నీళ్ళు సుమారు 80 నుంచి 90 డిగ్రీల వేడిలో ఉండాలి, అంటే మరుగుకి కాస్త ముందు, కానీ అదే వేడికి వేడి తట్టుకోలేని రకం జుట్టు వంకీలు పోయి ముడుచుకుపోతుంది, లోపలి టోపీ ఎలాస్టిక్ కూడా సాగిపోతుంది. అందుకే మెడ వెనక, బయటికి కనపడని చోట చిన్న పాయ కత్తిరించి దాన్నే ముందు ముంచి చూడండి. పాయ పాడైతే అక్కడితో ఆపేయండి, అద్దె విగ్గు తెచ్చుకోండి.

స్టీలు గిన్నె వాడండి, అది ఇక వంటకి పనికిరాదు, అటక మీద విడిగా పెట్టేయండి. పొడి రంగైతే కలిపేటప్పుడు ముక్కుకి మాస్కు, చేతులకి పొడవాటి రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. కిటికీలు తెరవండి, పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి, ఇందులో మొహమాటం వద్దు. విగ్గుని చేత్తో కాదు, పొడవాటి చెక్క గరిటెతో నెమ్మదిగా కదపండి, గిరగిరా తిప్పితే చిక్కుపడుతుంది. వేడి నీళ్ళు చేతి మీద పడితే టూత్‌పేస్టూ పసుపూ పూయకుండా కుళాయి కింద 20 నిమిషాలు పెట్టండి. పెద్ద బొబ్బలొస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

కొందరు మార్కర్ సిరాని స్పిరిట్లో కలిపి జుట్టుకి పూస్తారు. వేడి అక్కర్లేదు కాబట్టి అది తేలిక అనిపిస్తుంది. కానీ స్పిరిట్ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది. గ్యాస్ పొయ్యి, దేవుడి దీపం, అగరుబత్తి ఉన్న గదిలో ఆ పని అస్సలు చేయకండి.

రంగు నీళ్ళు పంట కాలువలోనో చేపల చెరువులోనో పారబోయొద్దు. ధవళేశ్వరం నుంచి వచ్చే ఆ కాలువ నీళ్ళే చాలా ఊళ్ళల్లో మంచినీళ్ళ చెరువుకి చేరతాయి.

ఉతికేటప్పుడు నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి, మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆఖరిసారి మంచినీళ్ళతో. డ్రయ్యర్ పెట్టకుండా నీడలో ఆరబెట్టండి, మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆరడానికి టైం పడుతుంది, పండగ ముందు రోజు మొదలుపెడితే టెన్షనే. ఆరాక తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటితే స్టేజీ లైట్ల కింద చెమటకి మెడ మీదకి దిగుతుంది. కొన్ని డిస్పర్స్ రంగులు చర్మానికి పడవు, దురద, దద్దుర్లు వస్తాయి. వేషం వేసేవాళ్ళకి లోపల నూలు టోపీ పెట్టండి, చిన్నపిల్లల తలకి మాత్రం రంగు వేసిన విగ్గు పెట్టకండి.